ఉప్పు మోసినవాడు

తోలు దస్తావేజులో అతని పేరు రాసింది మా గురువు.
హ్రానొయె, తొల్యెన్ కొడుకు. ఈటె ఒకటి. గుర్రం ఒకటి.
గుర్రం ఉన్నన్నాళ్ళూ మఠం సైనికుడు.
నాగలి పట్టక్కర్లేదు, గడ్డి కోయక్కర్లేదు.
మఠాధిపతి గెరాసిమ్ ఎటు వెళ్తే అటు వెనక నడవాలి,
ఉత్తరాలు మోయాలి,
ఏడాదికి రెండుసార్లు కొండలు దిగి సముద్రం నుంచి ఉప్పు తేవాలి.

అతను చూసిన యుద్ధమంతా ఆ దారే.
తోడేళ్ళు, సుంకరులు,
జారిపడితే అడుగు కనపడని కనుమ.
"వీళ్ళెవరూ కాదు, అసలు శత్రువు వాన," అనేవాడు,
"నరికితే తెగదు, బస్తాలో దూరి సగం తినేస్తుంది."

గుడి గోడల మీద చిత్రకారులు
యోధులైన సాధువులను దించుతున్న రోజుల్లో
నేను రంగులు నూరే పిల్లాణ్ణి.
హ్రానొయె దీపం పట్టుకుని నిలబడ్డాడు.
కవచాలు, డాళ్ళు, మడమల దాకా ఎర్రటి అంగీలు,
బంగారు వలయాల కింద నిద్రలేని కళ్ళు.
అన్నీ చూసి మెల్లగా అడిగాడు:
"వీళ్ళ గుర్రాలేవి?"
ఎవరూ జవాబివ్వలేదు.
ముసలి చిత్రకారుడు మాత్రం
కుంచె కడుక్కుంటూ చాలాసేపు నవ్వాడు.

ఆ తరవాత ఎన్ని చలికాలాలో.
ఒక సాయంత్రం ద్వారం దగ్గర కుక్కలు మొరగలేదు, మూలిగాయి.
మంచులోంచి మనిషి వస్తున్నాడు, వీపున బస్తా, నెత్తిన జీను.
పుతాల్ కనుమలో పడిపోయింది.
తెల్లకాళ్ళ గుర్రం, నా చేతిలో ఆపిల్ తొక్కలు తినేది.
మొదట ఒక బస్తా దించి, మళ్ళీ వెళ్ళి రెండోది తెచ్చాడట,
నాలుగు రోజులు, అలా ముందుకీ వెనక్కీ.
వంటవాడు అతని చొక్కా విప్పి దులిపితే
గట్టుమీద తెల్లగా రాలింది.
దాన్ని కూడా ఊడ్చి జాడీలో పోశాడు.

గెరాసిమ్ చెడ్డవాడు కాదు.
రెండు రోజులు ప్రార్థన చేసి నన్ను పిలిచాడు.
"నియమం మనకంటే ముందు పుట్టింది.
పేరు దున్నేవాళ్ళ వరసలోకి మార్చు. కొడుకుల పేర్లు కూడా."

సిరా గడ్డకట్టింది స్వామీ, అన్నాను.

మామూలుగా సిరాకొమ్ము చంకలో పెట్టుకుని పడుకుంటాను,
ఆ చలికాలమంతా దాన్ని ఉత్తరపు కిటికీకి వేలాడదీశాను.
రోజూ ఉదయం అదే మాట.
ఆయన నా చంక వైపు చూసేవాడు, కిటికీ వైపు చూసేవాడు,
"ఈ ఏడు చలి మరీ ఎక్కువ" అనేసి వెళ్ళిపోయేవాడు.
ఆయన గాడిద వెనక, మోకాలి లోతు మంచులో
ఈటె పట్టుకుని నడిచి వెళ్ళేవాడు హ్రానొయె,
అడిగితే, గోడ మీద వాళ్ళూ నడిచేవాళ్ళేగా, అనేవాడు.

ఉపవాసాల నెలలో నది మీద మంచు పగిలింది.
అతనే వచ్చాడు.
"కరిగిందా?"
నేను తల దించుకున్నాను.
"రాసెయ్ నాయనా. దుక్కి అదను దాటిపోతోంది.
దాటాక నీ సిరా ఏదీ మొలిపించదు."

కత్తితో తోలు గీకాను.
అతనికి చదువు రాదు. గీకిన చోట వేలు పెట్టి
గుర్రం మెడ నిమిరినట్టు కిందికి నిమిరాడు,
ఈటె నా బల్లకి ఆనించి వెళ్ళాడు.
అది నాలుగు రోజులు అక్కడే ఉంది,
ఎవరు తీసుకోవాలో ఏ దస్తావేజులోనూ లేదు.

ఉప్పు తిన్న విశ్వాసం అంటారు.
తిన్నది మేం, నలభై మంది, రెండు పూటలా.
అతను మోశాడు.

ఇప్పుడు నాకు కళ్ళు మసక.
కొత్త కుర్రాడు దస్తావేజు దీపానికి ఎత్తి పట్టుకుంటే
ఒకచోట తోలు పలచబడి వెలుగు ఇవతలికి వస్తుంది.
"ఇక్కడ చిరిగిందా తాతా?"
లేదురా.
అక్కడో గుర్రం ఉండేది.